చెమట పట్టని చోటు

ఏడో తరగతిలో బల్ల మీద కుదురుగా కూర్చోవడం లేదని మా మాస్టారు రోజూ గోడ దగ్గర నిలబెట్టేవారు. నిలబడడానికి బడిదాకా వెళ్ళడం ఎందుకని మానేశాను. ఆ తర్వాత నా బతుకంతా ఊళ్ళో వాళ్ళని కూర్చోబెట్టడమే అయింది. ఏలూరులో మోటారు సైకిళ్ళకీ ఆటోలకీ సీట్లు కుట్టే కొట్టు నాది. ఒక కుట్టు మిషను, రెండు దబ్బనాలు, రెగ్జిన్ చుట్టలు, ఫోము పలకలు, ఆగని నోరు. మొదటి నాలుగూ కొనుక్కున్నవి.

మనిషి బండి దిగే తీరు చూసి నడుం నొప్పి ఏ వైపో చెప్పేసేవాణ్ణి. "పర్సు వెనక జేబులో పెట్టుకుంటారు కదండీ? తీసి మీ ఆవిడ చేతికివ్వండి, మీకూ తగ్గుతుంది, ఆవిడకీ తగ్గుతుంది" అంటే కొట్టు ముందు టీ తాగుతున్న వాళ్ళంతా నవ్వేవారు. సీటు కుట్టేటప్పుడు నేను చూసేది ఒక్కటే, పైన కూర్చునేవాడికి హాయిగా ఉందా లేదా అని. కింద ఏముందో ఎప్పుడూ ఆలోచించలేదు. కింద ఉండేది ఇనుము.

కొన్నేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం మావయ్య తాడేపల్లిగూడెం నుంచి పాసింజరు రైల్లో దిగి, భుజాన గోనెసంచితో కొట్టుకి వచ్చారు. మా అమ్మకి వరసకి అన్నయ్య. ఒకప్పుడు గూడెం స్టేషను దగ్గర జట్కా తోలేవారు. ఆటోలు వచ్చి జట్కాలు పోయాక అందరూ గుర్రాలు అమ్ముకున్నారు, ఈయన మాత్రం బండి అమ్మి గుర్రాన్ని ఉంచుకున్నారు. ఇప్పుడున్నది ఆ వంశంలో చివరిది, ఎర్రటి ఆడగుర్రం. పెళ్ళి ఊరేగింపులకి పంపుతారు. పెళ్ళివాళ్ళందరూ తెల్ల గుర్రమే కావాలంటారు. తెల్లది దొరకని వాళ్ళు ఈయన దగ్గరికి వస్తారు. "పిల్ల మిమ్మల్ని చూసి ఒప్పుకుందా, గుర్రాన్ని చూసా?" అని పెళ్ళికొడుకుల్నే నిలదీసే రకం. నా నోరు ఎక్కడినుంచి వచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

"ఏవిటి మావయ్యా, సంచిలో కోడిపుంజా?" అన్నాను.

"జీనురా అల్లుడూ. దీని పొట్ట అణగారిపోయింది. నింపాలి."

జీను తీసి నా బల్ల మీద బోర్లా పెట్టారు. కర్ర చట్రం, దాని మీద తోలు. అడుగున రెండు వైపులా రెండు పొడుగాటి దిండ్లు, వాటి మధ్య ముందు నుంచి వెనకదాకా నాలుగు వేళ్ళ వెడల్పున గాడి. దిండ్లు వాడి వాడి అప్పడాల్లా అయిపోయాయి.

"లోపల ఏది ఉందో అదే పెట్టు. ఉన్ని బయటికి తీసి, ఎండేసి, ఏకి, మళ్ళీ నింపు. సొంత తెలివి పెట్టకు."

"ఉంటే కదండీ పెట్టడానికి!"

టీ గ్లాసుల దగ్గర నవ్వులు. మావయ్యా నవ్వారు. ఎల్లుండి మండవల్లి దగ్గర ఒక పెళ్ళి ఉందనీ, రేపు సాయంత్రం వచ్చి తీసుకెళ్తాననీ చెప్పి మళ్ళీ స్టేషనుకి నడిచారు.

ఆయన వెళ్ళాక కుట్లు విప్పాను. లోపల గొర్రె ఉన్ని, ఉండలు కట్టి, ఏళ్ళ తరబడి పట్టిన చెమటతో ముక్కు పగిలే వాసన. ఇంత మంచి మావయ్యకి ఇంత చెత్త పెట్టడమేంటని మొత్తం పారేశాను. నా దగ్గరున్న వాటిలో మేలైన ఫోము రెండు పొరలు కోశాను. ఇక మధ్యలో గాడి. సీటు మధ్యలో గుంట పడడం నేను రోజూ చూసే జబ్బు. ఏళ్ళ తరబడి కూర్చుని కూర్చుని అరిగి పడిందనుకున్నాను. దాన్నీ ఫోముతో నింపి, అడుగంతా ఈ చివర నుంచి ఆ చివరకి బల్లపరుపుగా చేసి, పైన మెరూన్ రంగు వెల్వెట్ బిగించాను. అంత అందమైన సీటు నా చేత్తో అంతకు ముందు కుట్టలేదు. సొంత తెలివి పెట్టొద్దన్న మాట ఒకటి ఆయన అన్నారని కూడా నాకు గుర్తు లేదు.

మర్నాడు మావయ్య వచ్చి జీనుని తిరగేశారు. అరచెయ్యి అడుగున పెట్టి నెమ్మదిగా జరుపుతూ వచ్చారు. మధ్యకి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"ఇక్కడి ఖాళీ ఏదిరా?"

"పూడ్చేశానండి. రోడ్డు మీది గుంటలు ఎలాగూ నా చేతిలో లేవు, నా బల్ల మీది గుంటైనా నేను పూడ్చొద్దా?"

అందరూ నవ్వారు. ఆయన చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

"ఓసారి వీపు మీద వేసి చూడాలిరా. గూడెం రాకూడదూ?"

"ఏవండీ, జాకెట్టు కొలతలా ఏంటండీ? ఇన్నేళ్ళలో ఒక్క సీటు వెనక్కి రాలేదు. కూర్చున్నవాడు దిగనంటాడు, చూడండి. పెళ్ళిపీటల దగ్గర మీరే లాగి దింపాల్సొస్తుంది."

మళ్ళీ నవ్వులు. అక్కడ నా గిరాకీలు నలుగురున్నారు. వాళ్ళ ముందు "తప్పు చేశావురా, విప్పు" అంటే నేను చిన్నబోతానని ఆయన అనలేదు. మా వైపు మర్యాద అంత మెత్తన. బాగుందనే అన్నారు. నేను నమ్మాను.

పెళ్ళికి నేనూ వెళ్ళాను. నా సీటు పెళ్ళికి వెళ్తుంటే నేను వెళ్ళొద్దా? మండవల్లి దాటాక దారికి రెండు వైపులా చెరువులే. నీళ్ళు చిమ్మే చక్రాలు తిరుగుతున్నాయి, గట్ల మీద మేత బస్తాల వాసన, కరెంటు తీగల మీద కొల్లేటి పక్షులు. ముహూర్తం రాత్రికే గానీ ఊరేగింపు నాలుగింటికే మొదలు. పెళ్ళికొడుకు చేపల చెరువుల రైతు కొడుకు, నిండైన మనిషి.

మావయ్య జీను వెయ్యగానే గుర్రం వీపు కిందికి దింపింది. చన్నీళ్ళు పోస్తే మనం ముడుచుకుంటామే, అలా. ఆయన జీను తీసి, కింద దుప్పటి ఇంకో మడత వేసి, మళ్ళీ వేశారు. చెప్పు బిగుతైతే ఇంకో మేజోడు తొడిగినట్టు అయిందని ఆ తర్వాత ఆయనే అన్నారు. ఆ రోజు మాత్రం చేతిలో ఇంకో దారి లేదు. పాత ఉన్ని నేను పారేశాను.

బ్యాండు మొదలైంది. గుర్రం చెవులు వెనక్కి పడ్డాయి. తోక అటూ ఇటూ కొడుతోంది, ఈగలు లేవు. నాలుగడుగులకోసారి తల తిప్పి కడుపు కింద పట్టీ వైపు చూస్తోంది. కళ్ళెం పట్టుకుని ముందు నడుస్తున్న మావయ్య సగం దారిలో ఆగారు. పెళ్ళికొడుకు బాబాయి దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని అడిగారు.

"ఏవండీ, బాబు గారిని ఒక్క నిమిషం దింపుదామండి. వీపు చూడాలండి."

"దింపడమేంటండీ? అందరూ చూస్తుండగా దారి మధ్యలో దిగితే ఏం బాగుంటుంది? ఆ చెరువు మలుపు తిరిగితే మండపమే కదండీ."

"అది ఇబ్బంది పడుతోందండి."

ఆ మాట అంటూనే మావయ్య నా వైపు చూశారు. సీటు నాది. నేనొక్క మాట అంటే చాలు. పెళ్ళివాళ్ళు విసుక్కునేవారే గానీ వినేవారు. నాకు మాత్రం చుట్టూ ఉన్న జనం కనబడ్డారు. జనం కనబడితే నాకు నోరాగదు.

"మా మావయ్య అంతేనండి. గుర్రం తుమ్మితే తను మందేసుకునే రకం. దానికి సిగ్గండి, పెళ్ళికూతురు ఊరు దగ్గరపడిందిగా. పోనివ్వండి."

ఘొల్లుమన్నారు. బ్యాండు మళ్ళీ అందుకుంది. మావయ్య తిరిగి వెళ్ళి కళ్ళెం పట్టుకున్నారు. చెరువు మలుపు దగ్గర టపాకాయలు, మండపం గేటు దగ్గర మళ్ళీ టపాకాయలు, ఫోటోలు, మేనత్తల డాన్సు. మలుపు తిరిగితే మండపమే అన్న దూరానికి గంట పట్టింది.

పెళ్ళికొడుకు దిగాక గుర్రాన్ని మండపం వెనక కొబ్బరి చెట్ల నీడకి తీసుకెళ్ళాం. మావయ్య పట్టీ వదులు చేసి, జీను ఎత్తి పక్కన పెట్టారు. నేను తువ్వాలుతో తుడవబోతే చెయ్యి అడ్డం పెట్టారు. వీపంతా చెమటతో తడిసి నల్లగా కనబడుతోంది. మధ్యలో వెన్నెముక పొడుగునా రెండు చోట్ల, ఒక్కోటి అరచేయంత, పొడిగా, వెంట్రుకలు చెదరకుండా ఉంది.

"చూశారా!" అన్నాను. "నా ఫోము ఎలాంటిదో చూడండి. అక్కడ చెమట కూడా పట్టలేదు."

ఆ మాట నేను అన్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడూ మిషను తొక్కుతూ తొక్కుతూ కాలు ఆపేస్తాను, అది గుర్తొచ్చి.

మావయ్య కోప్పడలేదు. నా కుడిచెయ్యి పట్టుకుని, మూడు వేళ్ళు ఆ పొడి చోట ఆనించి, నెమ్మదిగా నొక్కించారు. గుర్రం వీపు నా వేళ్ళ కిందనుంచి జారిపోయింది. నాలుగు కాళ్ళూ వంగి, కూలబడిపోతుందేమో అన్నంతగా దిగిపోయింది.

"బరువు పడితే చెమట పడుతుందిరా. అది మంచిదే. మరీ పడితే లోపల రక్తం ఆగిపోతుంది, ఇంక చెమటెక్కడిది? తడిని చూసి భయపడకు. పొడిని చూసి భయపడు."

నేనేదో అనబోయాను.

"అది గంట నుంచి చెబుతూనే ఉంది అల్లుడూ. నువ్వు మాట్లాడుతున్నావు కదా, వినబడలేదు."

మర్నాటికి ఆ రెండు చోట్లా వాపు తేలింది. నాలుగో రోజుకి ఒకటి పగిలి పుండైంది. పశువుల డాక్టరు గారు చూసి, చర్మం కింద కండ కూడా నలిగిందనీ, ఇది మానేదాకా వీపు మీద దుప్పటి కూడా వెయ్యొద్దనీ చెప్పారు. మానాక మళ్ళీ మోస్తుందా అని మావయ్య అడిగితే, అది అప్పుడు చూద్దాం అన్నారట. అది పెళ్ళిళ్ళు మొదలయ్యే కాలం. మావయ్యకి గుర్రం తప్ప ఇంకో ఆధారం లేదు. అది మళ్ళీ మొయ్యకపోతే ఎవరో వచ్చి తోలుకుపోవడమే, ఎక్కడికి తోలుకుపోతారో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక రైలెక్కి గూడెం వెళ్ళడం మొదలుపెట్టాను. మొదటిసారి గుమ్మంలో అత్తయ్య ఎదురైంది.

"వచ్చారమ్మా సీట్ల డాక్టరు గారు! చేతిలో ఏంటి? దానికింకో పరుపు కుట్టుకొచ్చావా?"

"ఉలవలు అత్తయ్యా."

"పెట్టు. అది తింటుంది. నిన్ను మాత్రం దగ్గరికి రానివ్వదు."

నిజంగానే రానివ్వలేదు. నేను పెరట్లోకి అడుగు పెడితే గోడవైపు తిరిగి నిలబడేది. పుండు కడిగేది మావయ్యే, నేను దూరంనుంచి బకెట్టు అందించేవాణ్ణి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. తిట్టు తింటే తిరిగి ఏదో ఒకటి అనేసి తేలికపడేవాణ్ణి.

మూడో శుక్రవారమో నాలుగోదో, వసారాలో మూల పడి ఉన్న ఆ మెరూన్ జీనుని చూసి అత్తయ్య అంది: "నీ వీపు మీద వేసుకుని చూసుకోరా, తెలుస్తుంది."

ఆవిణ్ణి నవ్విద్దామని పెరట్లో మోకాళ్ళ మీద వంగాను. "వెయ్యండి మావయ్యా, పట్టీ కూడా బిగించండి, ఏలూరుదాకా పరిగెత్తుతాను" అన్నాను. మావయ్య నవ్వకుండా జీను తెచ్చి నా వీపు మీద పెట్టారు. దాని మీద మిల్లు నుంచి తెచ్చిన తవుడు బస్తా పెట్టారు. మొదట మెత్తగానే ఉంది. కుట్టినవాడు ఎవడోగానీ అని ఒక మాట కూడా విసిరాను. నాలుగడుగులు పాకాక ఫోము అణిగిపోయింది. అణిగాక బరువంతా పక్కలకి పోలేదు, నేను పూడ్చిన ఆ మధ్య ముక్క మీదుగా తిన్నగా నా వెన్నెముక మీదికి దిగింది. ఎముక మీద ఎవరో వేలు పెట్టి తియ్యకుండా నొక్కుతున్నట్టుంది. పక్కకి జరుగుదామంటే అదీ నాతోనే జరుగుతోంది. అత్తయ్య నవ్వడం ఆపేసింది. తియ్యమని నేను అనలేదు. వాకిలిదాకా పాకి, మళ్ళీ వెనక్కి పాకాను. నేను కుట్టిన సీటు కింద నేనుండడం అదే మొదలు.

మావయ్య బస్తా దించి, అప్పుడు చెప్పారు.

"ఆ గాడి అరిగి పడింది కాదురా. మా నాన్న పెట్టించింది. వెన్నెముక మీద ఏదీ ఆనకూడదు. వెనక నిలబడి చూస్తే ఆ సందులోంచి ముందున్న వెలుగు కనబడాలి. బరువు మొయ్యాల్సింది పక్కనున్న కండ, ఎముక కాదు."

ఆ రోజు వెల్వెట్ మొత్తం చింపేశాను.

పుండు మానడానికి నెలలు పట్టింది. ఈలోగా నేను చేతులు కట్టుక్కూర్చోలేదు. గుర్రం నన్ను దగ్గరికి రానిచ్చాక, సీట్లకి చట్రాలు వంచే మెత్తటి ఇనప తీగ తీసుకెళ్ళి, పుండుకి తగలకుండా వీపు మీద మూడు చోట్ల అడ్డంగా ఆనించి వంచి, ఆ ఒంపుని అట్టముక్కల మీద గీసుకున్నాను. గీసి చూస్తే రెండు వైపులూ ఒకేలా లేవు. ఎడమ భుజం దగ్గర కండ ఎక్కువ. "నలభై ఏళ్ళుగా వీపులు చూస్తున్నాను, ఇలా కాగితం మీద చూడలేదురా" అన్నారు మావయ్య. సొంత తెలివి పెట్టినందుకు ఈసారి ఏమీ అనలేదు. కొత్త ఉన్ని కొని, కడిగి, ఇద్దరం కూర్చుని వేళ్ళతో ఏకాం. కొంచెం కొంచెంగా నింపుతూ, చెయ్యి దూర్చి గట్టిగా తగిలిన చోటల్లా మళ్ళీ విప్పుతూ, ఒక్క జీను ఎన్ని శుక్రవారాలు తిందో చెప్పలేను.

పుండు మానిన చోటా, వాపు తగ్గిన చోటా వెంట్రుకలు రాలి కొత్తవి మొలిచాయి. తెల్లగా మొలిచాయి. ఎర్రటి వీపు మధ్యలో రెండు తెల్లటి మచ్చలు, నా అరచేతులు ఆనించినట్టు.

"అందరూ తెల్ల గుర్రం తెల్ల గుర్రం అంటారుగా," అన్నారు మావయ్య మచ్చ మీద చెయ్యి వేసి. "కొంచెం తెల్లబడింది."



డాక్టరు గారు మళ్ళీ చూసి, జీను సరిగ్గా ఉంటే మొయ్యచ్చు, ఇంకోసారి అక్కడే నలిగితే మాత్రం ఆ వీపు ఇక పనికిరాదు అన్నారు. కొత్త జీను వేసి చూసిన శుక్రవారం దెందులూరు వైపు నుంచి ఒకాయన గుర్రాన్ని మాట్లాడుకోవడానికి వచ్చి, వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ఆదివారం ఆయన కొడుకు పెళ్ళి. అనుకున్న తెల్ల గుర్రం రావట్లేదట. మావయ్య ఇంటికి చాలా నెలల తర్వాత వచ్చిన మొదటి పెళ్ళి బేరం అది. అత్తయ్య ఆయనకి టీ ఇచ్చి, గుమ్మం దగ్గరే నిలబడింది.

మావయ్య నన్నే ఎక్కమన్నారు. ఆయన కళ్ళెం పట్టుకుని ముందు నడుస్తుంటే, నేను గుర్రం మీద, మార్కెట్ యార్డు గోడదాకా వెళ్ళి మళ్ళీ వచ్చాం. చెవులు ముందుకే ఉన్నాయి. తోక ఊరికే వేలాడుతోంది. పెరట్లోకి వచ్చాక నేను దిగి, పట్టీ వదిలి, జీను ఎత్తాను. గాడి పొడుగునా వెన్నెముక మీద ఏదీ ఆనిన గుర్తు లేదు, తెల్ల మచ్చల దగ్గర వాపు లేదు. రెండు పక్కలా చెమట సమంగా పట్టింది. కుడివైపు భుజం వెనక మాత్రం, దిండు అంచు ఆనే దగ్గర, తమలపాకంత చోటు పొడిగా ఉంది.

"నా కళ్ళు ఆనట్లేదు," అన్నారు మావయ్య, దూరంగా నిలబడే. ఆయన కళ్ళు అంత పాడైపోలేదని నాకు తెలుసు. "నువ్వు చెప్పు అల్లుడూ. ఒప్పుకోమంటావా?"

"తేల్చండి బాబూ," అన్నారు కుర్చీలో ఆయన. "ఎంతసేపండీ, ఒక్క గంట ఊరేగింపు."

ఒక్క గంట. అత్తయ్య కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నా మొహమే చూస్తోంది. తువ్వాలుతో వీపంతా ఒక్కసారి తుడిచేస్తే ఆ తమలపాకంత చోటు ఎవరికీ కనబడదు.

"వద్దండి," అన్నాను. "కుడివైపు కొంచెం ఒత్తుతోంది. విప్పి సరిచెయ్యాలి. ఆదివారానికి అవ్వదండి."

ఆయన వచ్చి చూశారు. "ఈ మాత్రం దానికా? ఆకంత లేదు కదండీ!"

అలాంటి మాటకి నా దగ్గర పది జవాబులుంటాయి. "అవునండి, ఆకంతే," అన్నాను.

ఆయన టీ గ్లాసు కుర్చీ కింద పెట్టి వెళ్ళిపోయారు. కారుకి పూలు కట్టించుకుంటాం లెండి అనడం వీధిలోంచి వినబడింది. అత్తయ్య గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి లోపలినుంచి ఉలవలు ఉడుకుతున్న వాసన వచ్చింది.

నేను మూడు వేళ్ళు గుర్రం వీపు మీద ఆనించి, మెడ దగ్గర్నుంచి వెనక్కి జరుపుతూ వచ్చాను. తెల్ల వెంట్రుకల దగ్గరికి రాగానే చర్మం ఒక్కసారి వణికింది. చెయ్యి తియ్యలేదు, నొక్కలేదు. వీపు దిగుతుందేమో అని చూశాను. దిగలేదు. గుర్రం తల వంచి గడ్డి అందుకుంది.

మావయ్య వచ్చి నా పక్కన గోనెపట్టా పరిచారు. జీను దాని మీద బోర్లా వేసి, దబ్బనం తీసి, కుడివైపు కుట్టు విప్పడం మొదలుపెట్టాను.